పొలం గట్టున ఆ కాంక్రీటు దిమ్మెలు ఎందుకు?

ఇంగ్లండులో సర్రే ప్రాంతంలో వేవర్లీ మఠం శిథిలాలున్నాయి. పక్కనే వే నది. ఆ చుట్టుపక్కల గడ్డిలో, చెట్ల కింద నాచు పట్టిన కాంక్రీటు దిమ్మెలు కనిపిస్తాయి. మఠంతో వాటికి ఏ సంబంధమూ లేదు. అవి రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో కట్టినవి.

ఎందుకు కట్టారు? ఫ్రాన్సు తీరంలోని డన్‌కర్క్ నుంచి బ్రిటిష్ సైన్యం ప్రాణాలతో బయటపడింది గానీ ట్యాంకులు, ఫిరంగులు చాలావరకు అక్కడే వదిలేసింది. జర్మన్లు తీరాన దిగితే ఎదురొడ్డేందుకు చేతిలో పెద్దగా ఏమీ లేదు. అందుకే స్వదేశ సేనల అధిపతి జనరల్ ఐరన్‌సైడ్ నేలనే అడ్డం పెట్టాలనుకున్నాడు. దేశం లోపల వరసలు వరసలుగా 'స్టాప్ లైన్లు' గీయించాడు. శత్రువును ఓడించడం వాటి పని కాదు, ఆలస్యం చేయడమే.

ఎలా? నదులు, కాలువలు, రైలు కట్టలు ఉన్నచోట అవే అడ్డు. లేనిచోట లోతైన కందకం తవ్వారు. రోడ్డు, వంతెన లాంటి సందుల్లో దిమ్మెలు పెట్టారు. ట్యాంకు దూరలేనంత దగ్గరగా పేర్చారు. ఎక్కబోతే ముందుభాగం పైకి లేచి, పట్టాలకు నేల పట్టు దొరకదు. పలచని అడుగు రేకు తుపాకులకు ఎదురుగా తేలుతుంది. మరి సొంత లారీలు తిరగాల్సిన రోడ్డు సంగతి? అక్కడ గుంటలు చేసి మూతలు పెట్టారు. అవసరమైతే వంచిన రైలు పట్టాలను వాటిలో నిలబెట్టేవారు.

జూలైలో ఐరన్‌సైడ్ స్థానంలో బ్రూక్ వచ్చాడు. ఆయనకు ఈ గీతల మీద అంత నమ్మకం లేదు. కదిలే దళాలే మేలన్నాడు. చివరికి దండయాత్ర రానే లేదు.

మరి దిమ్మెలు ఎందుకు మిగిలాయి? గౌరవంతో కాదు, పగలగొట్టే ఖర్చుకు వెనకాడి! కందకాలను మాత్రం పూడ్చి సాగులోకి తెచ్చారు. అంటే చెరువు గట్టు పోయి తూము మిగిలినట్టు, అసలు అడ్డు మాయమై, సందులు మూసినవి నిలిచాయి. చూసేవారికి అర్థం లేకుండా పడేసినట్టు అనిపించేది అందుకే. కొన్నేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1995లో మొదలైన 'డిఫెన్స్ ఆఫ్ బ్రిటన్' సర్వేలో వాలంటీర్లు ఊరూరా తిరిగి ఇలాంటి యుద్ధకాలపు కట్టడాలను వేల సంఖ్యలో నమోదు చేశారు. కొన్నింటికి ఇప్పుడు చట్టరక్షణ ఉంది. కాల్పులు జరిపేందుకు కట్టిన కాంక్రీటు గదులైన పిల్‌బాక్సులలో కొన్నింటిని గబ్బిలాల నివాసాలుగా మార్చారు. ఎండలు ముదిరిన వేసవిలో తీసిన విమాన ఫోటోల్లో పూడ్చిన కందకం కూడా పట్టుబడుతుంది. అక్కడ మట్టి లోతు, తేమ ఎక్కువ కాబట్టి పైరు పచ్చగా చారలా ఉంటుంది. ఆ చారను రోడ్డు వైపు వెంబడిస్తే దిమ్మెలు ఎక్కడ ఉండాలో తెలిసిపోతుంది.