ఎడారి అంచున మట్టికోట.. అక్కడా మన రూపాయే!

ఎమిరేట్స్ అంటే అద్దాల మేడలే అనుకుంటూ పెరుగుతున్నారు ఇక్కడ పుట్టిన మన పిల్లలు. 'ఈ దేశానికి పాత చరిత్ర లేదా?' అని మావాళ్లు అడిగినప్పుడు నేను తీసుకెళ్లిన చోటు అల్ ఐన్‌లోని అల్ జహిలీ కోట.

గోల్కొండలా రాతి గుట్ట మీది కోట కాదిది. ఎండబెట్టిన మట్టి ఇటుకలు, ఖర్జూరపు దూలాలతో నేల మీద లేచింది. అబుదాబి పాలకుడు షేక్ జాయెద్ బిన్ ఖలీఫా 1891లో మొదలుపెట్టిస్తే 1898కి పూర్తయింది. దేశపిత షేక్ జాయెద్‌కు ఆయన తాత. ఎడారిలో నీళ్లు, ఖర్జూర తోటలు ఎవరి చేతిలో ఉంటే వారిదే అధికారం. వాటి కాపలాకే ఈ బురుజులు.

1892లో ఇక్కడి పాలకులు బ్రిటన్‌తో ఒప్పందం చేసుకున్నారు. దాని అనుమతి లేకుండా వేరే దేశాలతో సంబంధాలు కుదరవు. 1947 దాకా గల్ఫ్ వ్యవహారాలు చూసింది బ్రిటిష్ ఇండియా ప్రభుత్వమే.

తర్వాత చమురు ఆశ సరిహద్దు తగాదాలను రాజేసింది. 1952లో సౌదీ బృందం పక్కనే ఉన్న బురైమీ ఒయాసిస్‌లోని హమాసా గ్రామంలో తిష్ఠవేసింది. మధ్యవర్తిత్వం ఫలించలేదు. 1955 అక్టోబరులో బ్రిటిష్ అధికారుల కింద పనిచేసే ట్రూషియల్ ఒమన్ లెవీస్ దళం వారిని వెళ్లగొట్టింది. 1950లలో జహిలీ కోట ఆ దళానికి స్థావరమైంది.

మావాళ్లు ఎక్కువగా ఆశ్చర్యపోయింది మాత్రం డబ్బు సంగతికి. అప్పట్లో ఇక్కడ చెల్లింది రూపాయే! 1959లో రిజర్వ్ బ్యాంక్ గల్ఫ్ కోసం ప్రత్యేకంగా నోట్లు అచ్చువేసింది. 1966లో రూపాయి విలువ తగ్గించాక ఇక్కడివాళ్లు దాన్ని వదిలేశారు. నెలనెలా దిర్హాములను రూపాయలుగా మార్చి ఇంటికి పంపే మనకు ఈ సంగతి తెలియకపోతే ఎలా?

మట్టిగోడ మెత్తుతూ ఉంటేనే నిలుస్తుంది. 2007-08లో కోటను మళ్లీ బాగుచేశారు. ఎడారి యాత్రికుడు థెసిజర్ తీసిన ఫొటోల ప్రదర్శన లోపలే ఉంది. దుబాయ్ నుంచి గంటన్నర ప్రయాణం. చలికాలంలో ఓ సెలవు రోజు మాల్‌కు బదులు అటు వెళ్లండి. మనం బతుకుతున్న నేల కథ పిల్లలకు మనమే చెప్పాలి.