భాద్రపదంలో జింక పోతు దారి ఎందుకు మారుస్తుంది?

మేత మానేది ఒకటి, పొలం గట్టు ఎక్కేది మరొకటి

అమరావతి: వానలు పడి బీళ్లలో పచ్చిక ఎదిగే పుబ్బ, ఉత్తర, హస్త కార్తెల్లో జింకల నడవడి మారిపోతుంది. అప్పటిదాకా గుంపుగా తిరిగిన పోతులు విడిపోతాయి. కొన్ని ఒకే చోట కాపలా ఉన్నట్లు నిలబడి, కాళ్ల కింద పచ్చిక ఉన్నా సరిగా మేయవు. మరికొన్ని అంతకు ముందెన్నడూ రాని పొలం గట్ల మీద కనబడతాయి. జింకకు పైరు రుచి మరిగిందని రైతు అనుకోవడం పరిపాటి. రుచి సంగతి ఎలా ఉన్నా, ఈ రోజుల్లో దాన్ని కదిలించేది ముఖ్యంగా జోడు కట్టే కాలమే.

జీవాలు కాసే వారికి ఇది కొత్త విషయం కాదు. మదం మీద ఉన్న మేకపోతు మేత మీద ధ్యాస పెట్టదు. మందలో మరో పోతును చూస్తే కుమ్ములాటకు దిగుతుంది. నాలుగు వారాల్లో డొక్కలు లోపలికి పోతాయి. జింకల్లోనూ జరిగేది అదే. తేడా ఏమిటంటే, ఓడిన మేకపోతును కాపరి చూసుకుంటాడు. ఓడిన జింకకు దిక్కు లేదు. అది వేరే మేత వెతుక్కోవాల్సిందే.

ఏ జింక సంగతి?

జింక అనే ఒక్క మాటతో మన పల్లెల్లో రెండు జంతువులను పిలుస్తారు. మొదటిది చుక్కల దుప్పి. మాచర్ల దాటి విజయపురి సౌత్ వైపు మొదలయ్యే నల్లమల అడవిలో ఉండేది ఇదే. ఈ అడవిని 1978లో అభయారణ్యంగా, 1983లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. దుప్పి కొమ్ములు ఏటా ఊడి మళ్లీ మొలుస్తాయి.

రెండోది కృష్ణజింక. ఇది మన రాష్ట్ర జంతువు. దట్టమైన అడవి దీనికి గిట్టదు. బీడు భూములు, గడ్డి మైదానాలే దీని నివాసం. మెలికలు తిరిగిన దీని కొమ్ములు జీవితాంతం ఊడవు. కొమ్ములు మగదానికే. పాతవాళ్లు మగదాన్ని ఇర్రి అనీ, ఆడదాన్ని లేడి అనీ విడివిడిగా పిలిచేవారు.

ఈ రెంటి కాలాలు వేరు. దుప్పి పోతుల జోరు ఎక్కువగా ఎండాకాలం నుంచి తొలకరి దాటే దాకా ఉంటుంది. వానలు కురిశాక అడవిలో ఎక్కడ చూసినా నీరు, పచ్చిక దొరుకుతాయి గనుక, ఎండల్లో చెలమల చుట్టూ చేరిన దుప్పులు చెదిరిపోతాయి. కృష్ణజింకలు ఏడాది పొడుగునా ఈనినా, వాటికి జోడు కట్టే అదను ముఖ్యంగా రెండు సార్లు వస్తుంది. ఒకటి మార్చి, ఏప్రిల్ నెలల్లో, రెండోది ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. భాద్రపదంలో దారి మార్చే పోతు ఇదే.

నేల కోసం పోరు

వానకు మొలిచిన లేత పచ్చిక తిని లేళ్లు ఒళ్లు చేస్తాయి, ఎదకు వస్తాయి. అవి మేతకు వచ్చే చోటు ఏదో ఇర్రికి తెలుసు. బలమైన ఇర్రి ఆ జాగాను ముందుగానే పట్టుకుంటుంది. రోజూ ఒకే చోట పెంట వేసి కుప్ప చేస్తుంది. కంటి మూల నుంచి వచ్చే జిగురును పుల్లలకు, గడ్డి మొనలకు రాస్తుంది. ఇది నా హద్దు అని తోటి ఇర్రులకు చెప్పడం ఇలాగే. మెడ ఎత్తి, కొమ్ములు వీపు మీదికి వాల్చి, గుర్రుమంటూ నడుస్తుంది. వేరే ఇర్రి హద్దు దాటితే కొమ్ములు కలుస్తాయి.

ఈ కాపలాలో మేతకు తీరిక తక్కువ. పక్కకు పోతే జాగా పోతుంది. అందుకే కొద్ది వారాల్లోనే చిక్కిపోతుంది. మదం తగ్గాక నల్లటి రంగు కూడా వెలిసి గోధుమ వన్నెకు తిరగడం కద్దు.

ఇక జాగా దక్కని పడుచు పోతులు, ముసలి పోతులు గుంపు కట్టి అంచులకు చేరతాయి. మంచి పచ్చిక గెలిచిన వాటి కింద ఉంది. మిగిలింది గిడసబారిన గడ్డి, సర్కారు తుమ్మ కాయలు. ఆ పక్కనే మొలకెత్తిన పెసర, కంది, జొన్న చేలు కనబడతాయి. అవి గట్టు దాటడంలో వింత ఏముంది?

రోళ్లపాడు పాఠం

నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు దీనికి ఉదాహరణ. బట్టమేక పిట్టను కాపాడేందుకు 1988లో అక్కడ సుమారు 6 చదరపు కిలోమీటర్ల గడ్డి భూమిని అభయారణ్యం చేశారు. ఆ రక్షణలో కృష్ణజింకలు పెరిగాయి. అభయారణ్యం చిన్నది, చుట్టూ సాగు భూములు. జింకలు చేలల్లో పడి మేస్తున్నాయని రైతులు మొర పెట్టుకున్నారు. వారి నష్టం నిజమే. బీడు భూములు తగ్గిన కొద్దీ ఓడిన పోతుకు చేను తప్ప మరో చోటు మిగలడం లేదన్నదీ అంతే నిజం.

చలి దేశాల్లోనూ ఇదే తీరు. అమెరికాలోని తెల్లతోక జింకల పోతులు వేసవంతా కలిసి మేసి, సెప్టెంబరు రాగానే విడిపోతాయి. అక్కడ గడియారం పగటి వెలుతురు. పొద్దు తగ్గే కొద్దీ మదం పెరుగుతుంది. నవంబరులో పోతులు వెనకాముందూ చూడకుండా రోడ్లకు అడ్డం పడతాయి. కార్లు జింకలను ఢీకొనేది ఆ రోజుల్లోనే ఎక్కువ. అక్కడ స్థిరపడిన మన పిల్లలకు ఈ సంగతి అనుభవమే.

రైతు చేయదగినది

పోతుల ఈ జోరు ఏడాదంతా ఉండదు. కాబట్టి కాపలా కూడా ఆ కొద్ది వారాలకు, బీడు వైపు గట్టుకు గట్టిగా పెడితే చాలా వరకు సరిపోతుంది. కృష్ణజింక పగటి పూట, ముఖ్యంగా పొద్దున, సాయంత్రం మేస్తుంది. ఆ వేళల్లో మనిషి అలికిడి ఉంటే దగ్గరకు రాదు. కుక్కలను ఉసిగొల్పరాదు. తరిమి తరిమి అలసిన జింక దెబ్బ తగలకపోయినా బెదురుతోనే ప్రాణం విడవవచ్చు. గట్టు లేని నేలబావులకు ముళ్లకంప అడ్డం వేస్తే జింకకూ మేలు, మన గొడ్లకూ మేలు.

కరెంటు తీగ మాట తలపెట్టనే వద్దు. అడవి పందుల కోసం కట్టిన తీగలు తగిలి మనుషులు చనిపోయిన ఘటనలు మన రాష్ట్రంలో ఉన్నాయి. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కృష్ణజింకను మొదటి జాబితాలో ఉంచింది. చంపిన వారికి 3 నుంచి 7 ఏళ్ల జైలు, 2023 ఏప్రిల్ నుంచి కనీసం 25 వేల రూపాయల జరిమానా. చేను నష్టపోతే తొక్కుడు జాడలు చెరగక ముందే అటవీ సిబ్బందికి, గ్రామ రెవెన్యూ అధికారికి చూపి రాయించుకోవడం మంచిది.

మరో మాట. వేసవి ముందు జోడు కట్టిన లేళ్లు సుమారు 6 నెలలకు, అంటే ఈ రోజుల్లోనే ఈనుతాయి. తల్లి పిల్లను గడ్డిలో దాచి మేతకు పోతుంది. ఒంటరిగా పడుకున్న కూన కనబడితే, తల్లి వదిలేసిందని జాలిపడి ఇంటికి తెచ్చుకునే వారున్నారు. అది మేలు కాదు, నేరం కూడా. కూనను తాకకుండా అక్కడి నుంచి తప్పుకుంటే తల్లి తిరిగి వస్తుంది.

అమరావతి స్తూపం మీద శిల్పులు బుద్ధుని తొలి ప్రవచనాన్ని చెక్కినప్పుడు ధర్మచక్రంతో పాటు జింకలను కూడా చెక్కారు. ఆ ప్రవచనం జరిగింది సారనాథ్‌లోని జింకల వనంలో. జింకకంటూ ఒక వనం విడిచిపెట్టిన కాలం అది. ఊరికి నాలుగు ఎకరాల బీడైనా మిగిల్చుకుంటే, ఓడిన పోతు చేను గట్టు ఎక్కే అవసరం కొంతైనా తగ్గుతుంది.