బలహీనమైన చేతికి పని చెప్పండి

జువ్వలదిన్నెలో వల లాగిన చెయ్యి పక్షవాతంతో బలహీనపడితే ఇంటిల్లిపాదికీ దిగులే. "నువ్వు కూర్చో నాయనా, మేం చేస్తాం" అంటూ పిల్లలు అన్నం తినిపిస్తారు, చొక్కా తొడుగుతారు. ఇది ప్రేమే. కాని అన్నీ మనమే చేస్తే, కాస్త కదిలే చెయ్యి కూడా పని మరచిపోతుంది.

పక్షవాతంలో దెబ్బ తగిలేది చేతికి కాదు, మెదడుకు. చేతిని పదే పదే వాడితే మెదడు ఆ పనిని మళ్ళీ నేర్చుకోగలదు. అమెరికాలో 222 మందిపై జరిగిన పరిశోధన 2006లో వెలువడింది. వీరందరికీ మణికట్టు, వేళ్ళు కొంత కదిలేవి. కొందరికి మంచి చేతికి తొడుగు వేసి, 2 వారాలు బలహీనమైన చేతితోనే పనులు చేయించారు. మామూలు చికిత్స పొందినవారికంటే వీరి చెయ్యి ఎక్కువ మెరుగుపడింది. ఏడాది తరువాత కూడా ఆ మేలు నిలిచింది.

ఇంట్లో ఇలా చేయండి:

• భోజనం చేసేటప్పుడు ఆ చేతితో కంచం పట్టుకోండి.
• తువ్వాలుతో ముఖం, బల్ల తుడవండి.
• చొక్కా ముందుగా ఆ చేతికే తొడగండి.
• వల బాగుచేసేటప్పుడు ఆ చేతితో వల పట్టుకొని, మంచి చేతితో కుట్టండి.

జాగ్రత్త! ఆ చెయ్యి పట్టి లాగి రోగిని లేపకండి, భుజం దెబ్బతింటుంది. స్పర్శ తగ్గిన చేతిని పొయ్యికి, వేడినీళ్ళకు, కత్తిపీటకు దూరంగా ఉంచండి. ఫిజియోథెరపిస్టు చెప్పనిదే మంచి చేతిని కట్టివేయకండి.

ఇంటివారికి ఒక్క మాట. గుండీ పెట్టుకోవడానికి పది నిమిషాలు పట్టినా పట్టనివ్వండి. ఆ ఓపికే మీరు చేసే పెద్ద సేవ.