రేడియో ఎందుకు ఆగిందో చెవే చెబుతుంది

నగరం, రేపల్లె, బాపట్ల వైపు పాత రేడియోల్లో ముల్లు 837 కిలోహెర్ట్జ్ దగ్గరే ఎక్కువగా ఆగేది. అది 1948 డిసెంబరు 1న మొదలైన ఆకాశవాణి విజయవాడ. పాట ఆగడం, కాసేపటికి ‘అంతరాయానికి చింతిస్తున్నాం’ అనడం మనకు కొత్త కాదు. ఆ మధ్యలో ఏం జరిగేదో మీకు తెలుసా?

• పాట ఆగి బుస్సుమని హోరు వస్తే ట్రాన్స్‌మిటరే ఆగిందన్నమాట. హోరు కూడా లేక సద్దుమణిగితే అది నడుస్తూనే ఉంది, స్టూడియో నుంచి పాటే చేరడం లేదు.

• స్టూడియో పున్నమ్మతోటలో, ఊరి మధ్య. మీడియం వేవ్ టవర్‌కి మాత్రం పొలమంత జాగా కావాలి. దాని చుట్టూ నేలలో 120 రాగి తీగలు పాతడం మామూలు లెక్క. 837కి ఒక్కోటీ 90 మీటర్లు, అంటే దాదాపు 11 కిలోమీటర్ల రాగి! అందుకే టవర్ ఊరి బయటికి పోయింది, మధ్యలో ‘లింకు’ అవసరమైంది. 100 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్‌కి పాట మోసుకొచ్చే రేడియో లింకుది కొద్ది వాట్ల బలమే.

• రేపల్లెలో తెనాలి రైలు తప్పితే బస్సు ఎక్కుతాం. లింకుకీ అలాంటి రెండో దారి ఉండాలి: టెలిఫోన్ లైను, ఇంటర్నెట్, ఉపగ్రహం, ఏదైనా సరే. అసలు కిటుకు దారులు వేరుగా ఉండడంలో ఉంది. ఒకే స్తంభం మీద రెండు తీగలు లాగి ‘రెండున్నాయి’ అనుకుంటే అవి రెండు కావు, ఒకటే; స్తంభం కూలితే రెండూ పోతాయి. 1977 నవంబరు 19 ఉప్పెన చూసినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

• నిశ్శబ్దాన్ని కనిపెట్టే పరికరం ఉంది. కొన్ని సెకన్లు శబ్దం రాకపోతే తనంతట తానే రెండో దారికి మారుస్తుంది. సంగీతంలో విరామం మరీ సాగితే అదీ పొరబడుతుంది, పాపం.

• ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట పైకెళ్లి దిగడానికి పావు సెకను పడుతుంది.

• మన అక్షాంశంలో మార్చి రెండో వారంలో, మళ్లీ సెప్టెంబరు చివర, సూర్యుడు రోజూ కొన్ని నిమిషాలు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. సూర్యుడి రేడియో హోరులో డిష్‌కి ఏమీ వినపడదు. ఏ రోజు, ఏ నిమిషమో ముందే లెక్కగట్టొచ్చు కాబట్టి ఆ వేళకి వేరే దారి సిద్ధం చేసుకుంటారు.

• జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరు 15న మొదలైంది. స్టూడియో, టవర్ ఒకేచోట. లింకు తెగే బెంగ లేదు. కరెంటు పోతేనే చిక్కు.