మర తిరగనిదే సీటు కదలదు

ఇవాళ కారు సీటు కబురు చెప్పుకుందాం. ఆరడుగుల కొడుకు కారు నడిపి, సీటు బాగా వెనక్కి జరిపి దిగిపోతాడు. మర్నాడు ఐదడుగుల కోడలు ఎక్కి బటను నొక్కితే సీటు ఉలకదు, పలకదు. కాలు బ్రేకుకి అందదు. ఇక ఇంట్లోవాళ్ళంతా కలిసి సీటు పట్టుకుని తోయడం మొదలుపెడతారు. పాతకాలపు సీటయితే కింద కడ్డీ ఎత్తగానే పట్టాల మీద జర్రున జారేది. కరెంటు సీటు అలా జారదు, నలుగురు తోసినా జారదు. ఎందుకు జారదో తెలిస్తే ఎలా జరపాలో కూడా తెలిసిపోతుంది.

సీటు కింద గుప్పెట్లో ఇమిడే మోటారు ఒకటుంటుంది. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులతో నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. అంత వేగం సీటుకి పనికిరాదు కదా. అందుకని మోటారు ఇరుసుకి మర చుట్లు పెట్టి, దాన్ని ఒక పళ్ళ చక్రానికి ఆనిస్తారు. మర పూర్తిగా ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక్క పన్ను జరుగుతుంది. మెకానిక్కులు వార్మ్ గేర్ అనేది దీన్నే. రెండు వేల ఏళ్ళ కిందటే అలెగ్జాండ్రియాలో హెరాన్ ఇలాంటి మర, పళ్ళ చక్రాల జతతో బరువులెత్తే యంత్రాన్ని వివరించాడు. చక్రానికి ఇరవై పళ్ళుంటే వేగం ఇరవయ్యో వంతుకి దిగుతుంది, రాపిడికి పోయింది పోగా బలం పెరుగుతుంది. ఆ చక్రం పట్టా వెంబడి ఉన్న పొడుగాటి మర కడ్డీని తిప్పుతుంది. కడ్డీ మీది నట్టు జరిగితే సీటు జరుగుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. టైరు మార్చేటప్పుడు మర జాకీ చూశారా? పిడి తిప్పినంతసేపూ కారు లేస్తుంది. చెయ్యి తీసేస్తే కారు అంత బరువూ మీద మోపినా జాకీ వెనక్కి తిరగదు. సీటు కింద జరిగేదీ అదే. లెక్క కట్టి చూద్దాం. కడ్డీ మందం 12 మిల్లీమీటర్లు, ఒక చుట్టుకి నట్టు జరిగేది 3 మిల్లీమీటర్లు అనుకోండి. కడ్డీ చుట్టుకొలత దాదాపు 38 మిల్లీమీటర్లు. ఆ మర చుట్టుని విప్పి సాపుగా పరిస్తే, 38 నడిస్తే 3 ఎక్కే వాలు అవుతుంది. భాగిస్తే 0.08. గ్రీజు రాసి ఉన్నా, ఉక్కుకీ ఇత్తడికీ మధ్య రాపిడి గుణకం సాధారణంగా 0.1కి పైనే ఉంటుంది. వాలు కంటే రాపిడి ఎక్కువన్నమాట. అప్పుడు నట్టుని ఎంత తోస్తే రాపిడి అంత గట్టిగా పట్టుకుంటుంది. మీరు బలం పెంచిన కొద్దీ బిగువూ పెరుగుతుంది, అందుకే ఎంతమంది తోసినా లాభం లేదు.

ఇది లోపమని విసుక్కోకండి. బండి దేన్నయినా గుద్దినప్పుడు, కూర్చున్న మనిషి బరువుకి ఎన్నో రెట్ల బలం ఆ పట్టాల మీద పడుతుంది. ఆ క్షణంలో సీటు జారకుండా ఆపేది ఈ మొండితనమే. దానికి మనం కట్టే సుంకం కూడా ఉంది. వెనక్కి తిరగని మర ఎప్పుడూ పెట్టిన శక్తిలో సగం కంటే తక్కువే పనిగా మారుస్తుంది, తక్కినది వేడిగా పోతుంది. అందుకే పిల్లలు సీటుని ముందుకీ వెనక్కీ ఆడిస్తూ కూర్చుంటే మోటారు కాగుతుంది. చాలా మోటార్లలో వేడెక్కితే కరెంటు తెంచే ఏర్పాటు ఉంటుంది. సీటు పాడైందనుకుని కంగారు పడేముందు పావుగంట ఆగి చూడండి.

ఆగినా కదలకపోతే కళ్ళకీ చెవులకీ పని చెప్పాలి. కారు లోపలి లైటు వేసి బటను నొక్కండి. లైటు కాస్త మసకబారిందా? కరెంటు మోటారు దాకా వెళ్తోంది, మోటారు తిరగలేక పెనుగులాడుతోంది. పట్టాలో రూపాయి బిళ్ళో, పెన్నో, పిల్లాడి బొమ్మో ఇరుక్కుని ఉండొచ్చు. టార్చి వేసి వెతకండి. లైటు మారలేదు, చప్పుడూ లేదంటే ఫ్యూజు, స్విచ్చి, సీటు కింది కనెక్టరు వరసగా చూడాలి. మోటారు గుర్రుమంటోంది కానీ సీటు కదలడం లేదంటే ప్లాస్టిక్ పళ్ళు అరిగాయి, లేదా కొన్ని సీట్లలో మోటారు నుంచి మర దాకా వెళ్ళే వంగే కేబులు ఉంటుంది, దాని కొస ఊడింది.

సీటు కింద చెయ్యి పెట్టేముందు ఒక్క మాట, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా. అక్కడ పసుపు రంగు కనెక్టర్లుంటాయి. అవి ఎయిర్‌బ్యాగువీ, బెల్టుని బిగించే పరికరానివీ. వాటి జోలికి వెళ్ళొద్దు, టెస్టు లైటు కూడా తగిలించొద్దు. ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, కారు పుస్తకంలో చెప్పినంతసేపు ఆగండి.

మోటారు బాగుండి స్విచ్చే పోయిందనుకోండి, పని తేలిక. మోటారుకి వెళ్ళే రెండు లావు తీగల కనెక్టరు విప్పి, ఫ్యూజు పెట్టిన వేరే 12 వోల్టుల బ్యాటరీతో దానికి నేరుగా కరెంటు ఇస్తే సీటు కదులుతుంది. తీగలు అటూ ఇటూ మారిస్తే ఎదురు దిక్కుకి వెళ్తుంది. స్విచ్చి చేసే పని కూడా ఇంతే, రెండు తీగల్లో దేనికి ప్లస్ ఇవ్వాలో మారుస్తుంది. పక్కన సన్న తీగలుంటే అవి సీటు ఎక్కడుందో చెప్పేవి, వాటికి బ్యాటరీ తగిలించకూడదు. మెర్సిడెస్ వాళ్ళు 1979లో వచ్చిన ఎస్ క్లాసు కారు తలుపు మీద సీటు ఆకారంలోనే ఈ స్విచ్చి పెట్టారు. బొమ్మలో ఏ భాగం జరిపితే సీటులో ఆ భాగం జరుగుతుంది. చదువు రాని వాళ్ళకి కూడా అర్థమయ్యే ఆ తెలివి నాకు ఎంతో ఇష్టం.

మోటారే పోతే మరని మనమే తిప్పాలి. కేబులు ఉన్న సీట్లలో మోటారు విప్పితే కేబులు కొస బయటపడుతుంది, చాలావాటికి అది నలుపలకగా ఉంటుంది. దానికి సరిపోయే బిట్టుతో డ్రిల్లు మెషీను నెమ్మదిగా తిప్పాలి. ఇందాకటి లెక్కే తీసుకుంటే 15 సెంటీమీటర్లు జరగడానికి మర కడ్డీ 50 చుట్లు తిరగాలి. ముందు ఇరవై పళ్ళ చక్రం ఉంటే కేబులు తిరగాల్సింది 1,000 చుట్లు! చేత్తో అయితే చాలాసేపు పడుతుంది, నిమిషానికి 200 చుట్ల డ్రిల్లుతో అయిదు నిమిషాలు. రెండు పట్టాలకీ వేర్వేరు కేబుళ్ళుంటే కుడికి ఇరవై, ఎడమకి ఇరవై అని లెక్కపెట్టుకుంటూ పోవాలి. ఒక పక్క ముందుకెళ్తే సీటు మెలితిరిగి పట్టాల్లో బిగుసుకుంటుంది.

ఇంత కష్టమెందుకు, సీటే ఊడదీద్దామంటారా? సీటు వెనక్కి ఉంటే వెనక బోల్టులు దాని కిందే దాక్కుంటాయి, ముందుకి ఉంటే ముందువి దాక్కుంటాయి. ఊడదీయాలన్నా ముందు జరపాలి. మెకానిక్కులు మోటారుతో అంతగా తంటాలు పడేది అందుకే.

సీటు జరిగేదాకా ఆ కోడలు వీపు వెనక దిండు పెట్టుకుని మాత్రం నడపకూడదు. గట్టిగా బ్రేకు తొక్కితే దిండు అణిగిపోయి కాలు వెనక్కి పోతుంది. జరిపాక, బండి తీసేముందు బ్రేకు పూర్తిగా తొక్కి చూడాలి, అప్పుడు కూడా మోకాలు కొంచెం వంగే ఉండాలి. స్టీరింగు మధ్య నుంచి రొమ్ము ఎముక దాకా 25 సెంటీమీటర్లకి తగ్గకుండా ఎడం ఉందేమో టేపు పెట్టి కొలుచుకోవాలి.