మందుల ఖర్చు తగ్గాలంటే.. బిళ్ల లెక్క చూడాలి

ఆదోని: నెలాఖరు దగ్గర పడితే మెడికల్ షాపుల ముందు ఒక మాట తరచూ వినిపిస్తుంది. ‘షీటు వద్దు, ఐదు బిళ్లలు కత్తిరించి ఇవ్వండి’. అడిగేవారిలో ఎక్కువ మంది రక్తపోటు, మధుమేహం ఉన్న కూలీలు, వృద్ధులు. ఆ ఐదూ అయిపోయాక మళ్లీ డబ్బు చేతికందే వరకు మందు మానేస్తారు. మందు ఆపినా రక్తపోటు ఆగదు. పక్షవాతంతో మంచాన పడితే అయ్యే ఖర్చుతో పోలిస్తే ఏడాది పొడవునా బిళ్లలకు పెట్టేది చాలా తక్కువ. పత్తి, మిరప కోతల కోసం గుంటూరు వైపు సుగ్గికి తరలే కుటుంబాలకు ఈ చిక్కు మరీ ఎక్కువ.

ఒకే ఔషధం నాలుగు చోట్ల నాలుగు ధరలకు దొరుకుతోంది. తేడా ఎక్కడ వస్తోందో తెలిస్తే బిళ్లలు మానకుండానే ఖర్చు తగ్గించుకునే వీలుంది.

తగ్గింపు బోర్డు వెనుక లెక్క

‘20 శాతం తగ్గింపు’ అన్న బోర్డు చూడగానే చౌక అనుకుంటాం. లెక్క కోసం ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక కంపెనీ బిళ్లల షీటుపై ముద్రించిన ధర రూ.150, అందులో 15 బిళ్లలు. 20 శాతం తగ్గిస్తే రూ.120, అంటే బిళ్ల రూ.8. అదే ఔషధం, అదే మోతాదులో మరో కంపెనీ షీటు రూ.60, అందులో 10 బిళ్లలు, తగ్గింపేమీ లేదు. బిళ్ల రూ.6 పడింది. రోజుకొకటి చొప్పున వాడితే ఏడాదికి తేడా రూ.730. కొన్ని షీట్లలో 10, కొన్నింటిలో 14, మరికొన్నింటిలో 15 బిళ్లలు ఉంటాయి కనుక షీటు ధరలను పోల్చి లాభం లేదు. ధరను బిళ్లల సంఖ్యతో భాగించి చూసుకోవాలి.

‘జనరిక్’ పేరుతో మామూలు షాపుల్లో అమ్మే మందుల సంగతి ఇంకోటి. వీటిలో చాలావాటిపై ముద్రించిన ధర పేరున్న బ్రాండ్లకు దగ్గరగానే ఉంటుంది. దుకాణదారుకు మాత్రం చాలా తక్కువకు వస్తాయి. ఆ తేడాలో రోగికి ఎంత దక్కుతుందన్నది అమ్మేవారి మనసుపై ఆధారపడి ఉంటుంది. ఈ విలేకరి ఇంట్లో వాడే గ్యాస్ బిళ్లల షీటును ఒక షాపులో ముద్రిత ధరకే ఇచ్చారు. అదే కంపెనీ షీటును పక్క వీధిలో సగం ధరకు ఇచ్చారు. అడగకపోతే తగ్గించరు. అడగటానికి మొహమాటపడేవారే నష్టపోతున్నారు.

పేరు చదవడం ఎలా?

పోల్చడానికి బ్రాండ్ పేరు పనికిరాదు. అసలు ఔషధం పేరు కావాలి. 2018 సెప్టెంబరు నుంచి అమలైన నిబంధన ప్రకారం ఒకే ఔషధం ఉన్న మందులపై దాని పేరును బ్రాండ్ పేరు కంటే పెద్ద అక్షరాల్లో ముద్రించాలి. ఔషధం పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, వెనుక ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్, ఈఆర్ వంటి అక్షరాలు.. ఈ మూడూ కలిస్తేనే రెండు బిళ్లలు ఒకటని భావించాలి. మెట్‌ఫార్మిన్ 500, మెట్‌ఫార్మిన్ 500 ఎస్‌ఆర్ ఒకటి కావు. రెండోది ఒంట్లో నెమ్మదిగా కరిగేలా తయారైనది. దాన్ని విరిచి గానీ నలిపి గానీ వేసుకోరాదు.

చీటీలో ఒక బ్రాండ్ ఉంటే షాపువారు తమంతట తాము మరొకటి ఇవ్వడానికి 1945 నాటి ఔషధ నిబంధనలు ఒప్పుకోవు. షెడ్యూల్-హెచ్ మందులన్నింటికీ ఇది వర్తిస్తుంది. కాబట్టి ఈ మాట డాక్టరు గదిలోనే తేలాలి. వైద్యులు ఔషధ నామాన్ని స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని భారత వైద్య మండలి 2016లోనే తన నియమావళిని సవరించింది. ‘అయ్యా, మందు పేరు కూడా రాయండి, జన ఔషధిలో తీసుకుంటాం’ అని అడగడంలో తప్పేమీ లేదు.

జన ఔషధి కేంద్రాలు

కేంద్ర ప్రభుత్వం 2008లో ప్రారంభించిన ఈ దుకాణాల సంఖ్య 2025 నాటికి దేశవ్యాప్తంగా 15 వేలకు చేరింది. పేరున్న మూడు బ్రాండ్ల సగటు ధరలో సగానికి మించకుండా ఇక్కడ ధర నిర్ణయిస్తారు. చాలా మందులు అంతకన్నా తక్కువకే లభిస్తాయి. ముద్రిత ధరే తక్కువ కనుక బేరమాడాల్సిన పని లేదు. లోటల్లా సరకుదే. చీటీలోని నాలుగు మందుల్లో రెండే దొరికి వెనుదిరిగే సందర్భాలున్నాయి. ‘జన ఔషధి సుగమ్’ యాప్‌లో మందు ధర, దగ్గరలోని కేంద్రం చూసుకుని వెళ్తే బస్సు ఛార్జీ వృథా కాదు.

అత్యవసర ఔషధాల జాతీయ జాబితాలోని మందులకు జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. 2022 జాబితాలో 384 ఔషధాలున్నాయి. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, అటోర్వాస్టాటిన్ అందులోనివే. రెండు మూడు మందులు కలిపిన బిళ్లలు చాలావరకు ఈ జాబితాలో లేవు. కలిపిన బిళ్లకు బదులు విడివిడిగా వాడితే తక్కువవుతుందేమో డాక్టరును అడిగి చూడాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి మందులపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లు అడిగి తీసుకుంటేనే ఇవన్నీ సరిచూసుకోగలం.

పాత చీటీనే ఏళ్ల తరబడి వాడటం మరో నష్టం. మధుమేహానికి వాడే ఎంపాగ్లిఫ్లోజిన్ బిళ్ల సుమారు రూ.60 ఉండేది. 2025 మార్చిలో పేటెంటు గడువు ముగియగానే ఇతర కంపెనీలు రంగంలోకి దిగాయి. కొన్ని బ్రాండ్లు రూ.10 లోపే వచ్చాయి. పాత బ్రాండ్ పేరే రాసి ఉన్న చీటీ పట్టుకెళ్లేవారికి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఉచితం ఉన్న చోట

రక్తపోటు, మధుమేహం బిళ్లలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. అయితే ఉదయం ఓపీ వేళకు వెళ్లాలంటే ఆ రోజు కూలి పోతుంది. ఆ లెక్కన అదీ ఉచితం కాదు. 104 వాహనం ఊరికి వచ్చే రోజు తెలుసుకుని నెలకు సరిపడా తీసుకోవడం మేలు. ఆన్‌లైన్ దుకాణాల తగ్గింపులు పట్టణవాసులకు పనికొస్తాయేమో గానీ, ఊళ్లకు చేరేసరికి రవాణా ఖర్చు, ఎదురుచూపులు తప్పవు.

ఇక్కడ పొదుపు వద్దు

మూర్ఛ, థైరాయిడ్ మందులు, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ విషయంలో ధర చూసి కంపెనీ మార్చకూడదు. మోతాదులో స్వల్ప తేడా వచ్చినా ప్రమాదమే. మార్చక తప్పకపోతే డాక్టరుకు చెప్పి, పరీక్షలు చేయించుకోవాలి. యాంటీబయాటిక్స్ ఐదు రోజులకు రాస్తే రెండు రోజులకే కొని ఆపేయరాదు. షీటు కత్తిరించి కొనక తప్పకపోతే గడువు తేదీ, బ్యాచ్ నంబరు ఉన్న ముక్క అడిగి తీసుకోవాలి. బిల్లుపైనైనా అవి ఉండేలా చూసుకోవాలి.

సుగ్గికి వెళ్లేవారు బయలుదేరడానికి వారం ముందే ఆరోగ్య కేంద్రంలో చెప్పి, వీలైనన్ని రోజులకు బిళ్లలు అడగాలి. ఔషధ నామాలు రాసిన చీటీని సెల్‌ఫోనులో ఫొటో తీసి ఉంచుకుంటే గుంటూరు వైపు జన ఔషధి కేంద్రంలోనూ అదే మందు తీసుకోవచ్చు.