దేశాల స్వభావానికి మార్కులు

భారతదేశానికి 77, అమెరికాకు 40. పై అధికారికి ఎదురు చెప్పడానికి జనం ఎంత జంకుతారో సూచించే ‘అధికార దూరం’ అంకెలివి. మేనేజ్‌మెంట్ పాఠాల్లో వీటిని ఎత్తుబరువుల్లా ఖచ్చితమైన కొలతలన్నట్టే చెబుతుంటారు. రూపొందించినవాడు నెదర్లాండ్స్‌కు చెందిన గీర్ట్ హోఫ్‌స్టెడ్. 1967–73 మధ్య పలు దేశాల ఐబీఎం ఉద్యోగులు నింపిన దాదాపు 1,16,000 ప్రశ్నావళులు ఆయనకు ఆధారం.

సంఖ్య పెద్దదే. దేశాలవారీగా విడదీస్తే బలం తగ్గిపోతుంది. పాకిస్తాన్‌లో తొలి విడత జవాబిచ్చినవారు 37 మంది, రెండో విడత 70 మంది. అందరిదీ ఒకే కంపెనీ గనుక తేడాలన్నీ దేశాన్ని బట్టి వచ్చినవేనని హోఫ్‌స్టెడ్ వాదన. కానీ ఆ కొద్దిమంది ఉద్యోగుల్లో రైతు, కూలీ, చిల్లర వర్తకుడు ఎక్కడ?

ప్రశ్నలనూ చూడాలి. అనిశ్చితిని తట్టుకోలేనితనాన్ని ఆయన మూడు ప్రశ్నలతో లెక్కించాడు. పనిలో ఎంత తరచుగా ఆందోళన పడతారు? కంపెనీ మేలు కోసమైనా నియమం మీరకూడదంటారా? ఇక్కడ ఇంకెన్నాళ్లు పనిచేస్తారు? ఒకే గుణాన్ని కొలిచే ప్రశ్నలైతే ఒకే మనిషి జవాబులకు పొత్తు కుదరాలి. ఆ పొత్తుకు కొలత ‘క్రోన్‌బాక్ ఆల్ఫా’. సాధారణంగా 0.7 ఉంటే ఫరవాలేదంటారు. ఆ ప్రశ్నావళి 1994 నాటి రూపాన్ని పాల్ స్పెక్టర్ బృందం అనేక దేశాల్లో పరీక్షించి 2001లో ఫలితాలు ప్రకటించింది. చాలాచోట్ల ఆల్ఫా ఆ గీతను అందుకోలేదు. ఇవి వ్యక్తులను కొలిచేవి కావనీ, దేశాల సగటుల మధ్యే పొత్తు చూడాలనీ హోఫ్‌స్టెడ్ సమాధానం. అందులో పస ఉంది. అలాగైతే 77 చూపించి ఫలానా ఉద్యోగి నోరు విప్పడని తేల్చే హక్కు ఎవరికీ లేదు.

జవాబుల్లో పొత్తు కుదిరినా చిక్కు తీరదు. ‘ప్రభుత్వంలో మీ మాట ఎంతవరకు చెల్లుతుంది?’ అని అడిగితే మెక్సికోవాసుల కంటే చైనావాసులే తమకు ఎక్కువ మార్కులు వేసుకున్నారు. గ్యారీ కింగ్ బృందం 2004లో ఈ వింతను విప్పి చూపింది. తాగునీరు లేదు, ఓటు లేదు, పట్టించుకునే అధికారి లేడు, మౌనంగా భరిస్తున్నాడు: ఇలాంటి కల్పిత మనిషి కథ వినిపించి, అతనికీ మార్కు వేయమన్నారు. చైనాలో చాలామంది తమకంటే అతనికే ఎక్కువ వేశారు! ‘ఎక్కువ’ అనే మాటకు రెండు దేశాలవారి కొలబద్దా ఒకటి కాదు. ఆ తేడాను సరిదిద్దగానే వరుస తిరగబడింది.

ఇలాంటి కథలు జోడిస్తే సర్వే ఖర్చు పెరుగుతుంది, సమయం పడుతుంది. అయినా పెట్టాల్సిన ఖర్చే. ఈసారి ఎవరైనా మన దేశం స్వభావమంటూ ఒక అంకె చూపితే, ఏ ప్రశ్న అడిగారో, ఎందరిని, ఏ సంవత్సరంలో అడిగారో చూపించమనండి.